ఐదు దాకా ఓపిక

మొన్న తిరువళ్ళూరు స్టేషన్లో ఒక జామకాయల బుట్ట దగ్గర నిలబడి తిరుత్తణి బండి పోగొట్టుకున్నాను. జామకాయలు కొనడానికి కాదు. మా వంశంలో ఎవరూ ప్లాట్‌ఫాం మీద నిలబడి పండు తినలేదు, నేనూ తినను. బుట్ట పెట్టుకున్న ఆమె నా ముందున్న మనిషికి కాయలు ఎంచి ఇస్తూ ఉంది. ధర తమిళంలో చెప్పింది. బేరం తమిళంలో సాగింది. ఎంచడం మాత్రం నోట్లో నోట్లోనే, పెదవులు కదిలీ కదలకుండా. లాభం, రెండు, మూ, నా... అంతలో బండి వచ్చి నిలబడింది. నేను ఎక్కలేదు. ఐదు వినాలి. ఆమె ఐదో కాయను కొసరుగా వేసి సంచి ముడిచి ఇచ్చేసింది. కొసరును ఎవరూ ఎంచరు. బండి వెళ్ళిపోయింది.

తర్వాతి బండి వచ్చేదాకా సిమెంటు బల్ల మీద కూర్చుని ఆయన్ను తలచుకున్నాను. ఆయన పోయి ఇంకా ఏడాది కాలేదు. పక్కన ఉండి ఉంటే ఈపాటికి ఆ జామకాయలామెను అక్కా అని పిలిచి, ఆమె పుట్టిల్లు ఎక్కడో తెలుసుకుని, నాకు ఆమెతో ఏదో ఒక చుట్టరికం కట్టి, ఇద్దరికీ కాయ కోయించి ఉప్పూ కారం అద్దించి ఉండేవాడు. నేను వద్దనేవాణ్ణి. ఆయన నాది కూడా తినేవాడు.

ఆయనకు ఒక పేరుంది. కానీ తిరుత్తణి కరెంటు ఆఫీసులో గానీ, పళ్ళిపట్టు బస్సుల్లో గానీ ఆ పేరుతో ఆయన్ను పిలిచినవాళ్ళను నేను చూడలేదు. ఆయన అందరికీ బావ, అందరూ ఆయనకు బావలు. ఖాళీ స్థలం కొన్నవాళ్ళకూ, నాలాగా ఖాళీ స్థలం మాత్రమే మిగిలినవాళ్ళకూ, పునాది తవ్వక ముందు కావలసిన కరెంటూ నీళ్ళూ ఇప్పించడం ఆయన పని. ఆ పనికి ఏం పేరు పెట్టాలో నాకు తెలియదు. ఒకసారి బ్రోకరు అంటే నొచ్చుకున్నాడు.

"బ్రోకరంటే రెండు పక్కలా తీసుకునేటోడు బావా. నేను రెండు పక్కలా కాఫీ తాగేటోణ్ణి, అంతే."

కరెంటు గురించి ఆయనకు తెలిసింది ఒకటే, తాకితే కొడుతుందని. చెవి మీద టెస్టరు పెట్టుకుని తిరిగేవాడు కానీ దాన్ని దేనికైనా ఆనించగా నేను చూడలేదు. మా ఇంటికి వచ్చినప్పుడు ఫ్యాను వెయ్యాలంటే మా ఆవిడను పిలిచేవాడు. ట్రాన్స్‌ఫార్మరు పక్కగా పోవలసి వస్తే రోడ్డుకు ఆ వైపుకు మారి, అక్కడి నుంచి దానికి దండం పెట్టేవాడు. కొండ మీది సామికి చెప్పులు విడిచి దండం పెడతావు కదా, దీనికి చెప్పులతోనే పెడతావేం అని అడిగాను.

"ఆ సామి చెప్పులు లేకున్నా ఏం చెయ్యడు," అన్నాడు.

చొక్కా జేబులో ఎప్పుడూ పెన్నులుండేవి, అన్నీ రాసేవే. అయినా ఏ ఆఫీసుకు వెళ్ళినా ముందు పక్కవాడిని పెన్ను అడిగేవాడు. చేతికి గడియారం పెట్టుకుని టైమెంత అనేవాడు. ఇంట్లో మంచినీళ్ళు తాగి వచ్చి మళ్ళీ అడిగేవాడు. ఈ అలవాటు నాకు బొత్తిగా నచ్చేది కాదు. అడగడం అనేది మా ఇంట్లో లేదు. ఆ మాట ఆయనకు చెప్పాను కూడా.

"అడిగినోడికి ఏమీ కాదు బావా," అన్నాడు. "పెన్ను ఇచ్చినోడు మాత్రం, మళ్ళా అది చేతికి వచ్చేదాకా మనల్ని ఇడిచిపెట్టడు. అంతసేపూ మాట్లాడుకోవచ్చు."

మా వంశం గురించి ఇక్కడ కొంత చెప్పక తప్పదు. విజయనగరం కాలంలో ఈ సీమకు వచ్చినవాళ్ళం. తిరుత్తణి కొండ మీద నిలబడి ఉత్తరంగా చూస్తే కనిపించేదంతా ఒకప్పుడు మాది. ఇప్పుడు కూడా కనిపిస్తుంది. దావాల్లో కొంత పోయింది, పెళ్ళిళ్ళలో కొంత పోయింది, మాట పట్టింపుల్లో చాలా పోయింది. నా దాకా వచ్చేసరికి ఊరి బయట మామిడితోట పక్కన ఆరు సెంట్ల మూల మిగిలింది. నేను తిరువళ్ళూరులో, వీరరాఘవస్వామి గుడి వీధిలో, ఒక అద్దె పోర్షనులో కాపురమున్నాను. మా ఆవిడ పెళ్ళయినప్పటి నుంచీ అద్దె ఇళ్ళలోనే ఉంది. ఆ ఏడాది ఇంటి ఓనరు, అమావాస్యకు వచ్చే భక్తులకు గదులు కట్టుకుంటాననీ, తై నెల పుట్టేసరికి, అంటే సంక్రాంతికి, ఖాళీ చెయ్యాలనీ చెప్పాడు.

మా ఆవిడ ఆ రోజు ఒకటే మాట అంది. "ఇంకొక అద్దింటికి నేను రాను. ఆ ఆరు సెంట్లలో గుడిసె వేసినా సరే, అక్కడికే వస్తాను."

గుడిసె మాట నాకు గుచ్చుకుంది. రెండు గదుల ఇల్లయినా సరే, ఇల్లే కట్టాలనుకున్నాను. అయితే ఆడి నెలలో, ఆషాఢంలో లాగే, ఇక్కడ ఎవరూ పునాది వెయ్యరు. ఆడి దాటాక మొదలుపెడితే దీపావళి నాటి ఐప్పసి వానలు వచ్చేసరికి గోడలు మోకాలెత్తున నిలిచి నానుతాయి. అంటే ఆడి పుట్టకముందే పునాది పడాలి. బోరు లారీ పిలిపించి బోరు వేయించాను, నీళ్ళు పడ్డాయి. మేస్త్రీ వచ్చి బోరు గొట్టంలోకి తొంగి చూసి, "నీళ్ళు లోపల ఉంటే నేనేం చేసేది? మోటారు కావాల, మోటారుకు కరెంటు కావాల. వచ్చినాక ఫోన్ చెయ్యండి. ఆలస్యమైతే నాకు షోళింగర్‌లో వేరే పని ఉండాది," అని వెళ్ళిపోయాడు.

నేను స్వయంగా కరెంటు ఆఫీసుకు వెళ్ళాను. కావాలని అడగలేదు. ఫలానా స్థలంలో మేము ఇల్లు కట్టబోతున్నామని తెలియజేశాను. అక్కడి గుమాస్తా తమిళంలో చాలా సంతోషమన్నాడు. నేను తిరిగి వచ్చేశాను. తెలియజేసిన తర్వాత జరగవలసినవి జరుగుతాయని ఎదురు చూశాను. ఏమీ జరగలేదు. ఆడికి ముందుండే ఆని నెల సగమైంది. అప్పుడు మా ఆవిడ నాతో చెప్పకుండా ఆయనకు కబురు పెట్టింది.

ఆయన వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. మా ముందు గదిలో మా తాతగారి కుర్చీ ఉంది. దాంట్లో ఎవరూ కూర్చోరు. గౌరవం వల్ల అని చెబుతాం. ఒక కాలు కదులుతుంది కూడా. ఆయన లోపలికి వచ్చీరాగానే, "అక్కా, కాఫీ," అని మా ఆవిడతో చెప్పి సరాసరి వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీ ఒక పక్కకు ఒరిగింది. ఆయన కూడా దాంతోపాటు ఒరిగి, ఆ రోజంతా అట్లాగే ఒక పక్కగా ఒరిగి మాట్లాడాడు.

"చెప్పండి బావా," అన్నాడు.

మా ఇంట్లో నన్ను బావా అనదగ్గవాళ్ళు ఇద్దరే ఉన్నారు. ఇద్దరితోనూ వ్యాజ్యాలు నడుస్తున్నాయి. ఆ సంగతి చెప్పి, నన్ను అయ్యా అంటే చాలన్నాను.

"ఆమెను అక్కా అన్నాను కదా, ఇప్పుడు మిమ్మల్ని అయ్యా అంటే ఆమె ఏమవుతాది?" అన్నాడు. లోపలి నుంచి కాఫీ వచ్చింది. నాకెప్పుడూ రానంత చిక్కటి కాఫీ.

ఆయన పద్ధతి నాకు మర్నాడు తిరుత్తణి ఆఫీసులో తెలిసింది. లోపలికి వెళ్ళగానే గుమాస్తా ముందు నా కాగితాల జిరాక్సులు పెట్టి, "సార్, ఎత్తనై కాపీ ఇరుక్కు, కొంజం పారుంగ," అన్నాడు. ఎన్ని కాపీలున్నాయో చూడమని. ఆ గుమాస్తా వేలు తడి చేసుకుని కాగితాలు తిరగేస్తున్నాడు. ఆయన మాత్రం కాగితాల వైపు చూడడం లేదు. గుమాస్తా మూతి వైపు చూస్తున్నాడు. ఉన్నట్టుండి మొహం వికసించింది.

"యాడ బావా మనది? పొదటూరుపేట పక్కనా?" అన్నాడు తెలుగులో.

గుమాస్తా కాగితాలు కింద పెట్టేశాడు. "మీకెట్ల తెలుసు?"

తర్వాత టీ కొట్టు దగ్గర నాకు వివరించాడు. ఈ జిల్లాలో అందరూ తమిళం మాట్లాడతారు, తెలుగువాళ్ళు మిగతావాళ్ళ కంటే బాగా మాట్లాడతారు. మాటను బట్టి కనిపెట్టలేం. పేరును బట్టి కనిపెట్టలేం. కానీ మనిషి ఎంచేటప్పుడు మాత్రం అమ్మ నేర్పిన భాషలోనే ఎంచుతాడు.

"ఎంచేటప్పుడు ఎవురూ అబద్ధమాడలేరు బావా. అయితే తొందరపడకూడదు. మొదటిది లాభం అంటారు, మనోళ్ళూ లాభమే, వాళ్ళూ లాభమే. రెండు, ఇద్దరికీ రెండే. మూడు, మూణు, మూతికి రెండూ ఒకటే మాదిరి. నాలుగు, నాలు కూడా అంతే. ఐదు కాడ దొరికిపోతారు. మనోళ్ళు ఐదంటే మూతి ముందుకొస్తాది. అరవమోళ్ళు అంజంటే పండ్లు అగపడతాయి. ఐదు దాకా ఓపిక పట్టల్ల."

ఇందులో ఎంత నిజముందో నాకు తెలియదు. కాని ఆ రోజు నుంచి నేను కూడా మనుషుల మూతులు చూడడం మొదలుపెట్టాను. అది మా వంశంలో లేని అలవాటు.

ఆ పద్ధతి ఒకసారి బెడిసికొట్టడం కూడా చూశాను. తిరువళ్ళూరులో పెద్దాఫీసులో ఒక పెద్దాయన, నుదుట విభూతి, ఫైళ్ళు ఎంచుతూ ఉన్నాడు. ఐదు దగ్గర మూతి ముందుకు వచ్చింది. ఈయన చేతులు చాచి, "ఏం బావా, బాగుండారా?" అన్నాడు. ఆ పెద్దాయన లేచి కిటికీలోంచి తాంబూలం ఉమ్మి వచ్చి, ఎవరయ్యా నువ్వు అని తమిళంలో గద్దించాడు. మూతి ముందుకు రావడానికి కారణం వక్కాకు. నేనైతే అక్కడే భూమిలోకి కుంగిపోయేవాణ్ణి. ఈయన ఒక్క క్షణం కూడా తడబడలేదు. బావను తీసేసి మచ్చాన్ అని పెట్టాడు. అర్థం అదే. తర్వాత ఆ పెద్దాయన పెన్ను తీసుకున్నాడు. పావుగంటకు ఇద్దరూ ఒక తాంబూలం సంచీలోంచి తీసుకుని నములుతున్నారు. నా ఫైలు మీద సంతకం పడింది. సంతకం పక్కన ఎర్రటి చుక్క కూడా పడింది.

అన్నీ అయ్యాయి, ఒకటి తప్ప. కరెంటు ఆఫీసు వాళ్ళు వచ్చి స్థలం చూసి, ఉన్న కరెంటు కంబం చాలా దూరంలో ఉందనీ, మధ్యలో ఇంకొక కంబం నాటాలనీ, దానికి పక్క మామిడితోట గట్టు తప్ప చోటు లేదనీ, తోట సొంతదారు ఒప్పుకోవాలనీ చెప్పి పోయారు.

కంబం అంత దూరంలో ఎందుకుందో ఆ తోటలో అడుగుపెట్టినవాళ్ళందరికీ తెలుసు. ఆ తోట ఇప్పుడు ఒక ముసలావిడది. ఒకప్పుడు ఆ తోటావిడ తండ్రి తన బావికి మోటారు పెట్టుకుందామనుకున్నాడు. తీగ మా పొలం మూల మీదుగా పోవాలి. వచ్చి మా తాతగారిని అడిగాడు. మా తాతగారు, "భూమి మాదైతే దాని మీది ఆకాశమూ మాదే," అన్నారు. దాంతో లైను చుట్టూ తిరిగి, మా భూమికి వీలైనంత దూరంగా పోయింది. అది మా తాతగారి దార్ఢ్యం. ఆ దార్ఢ్యం వల్ల ఇప్పుడు మా బోరులో నీళ్ళు అడుగునే ఉన్నాయి.

ఆయన తోటావిడ దగ్గరకు ఒంటరిగా వెళ్ళి వచ్చాడు.

"మనిషి మంచిది. మనోళ్ళే. కాయలు ఎంచుతుంటే చూసినాను, ఐదు చక్కగా పలికినాది. అత్తా అన్నాను, పలికినాది. కానీ ఒక మాట అనింది. కంబం కావల్సినోడే వచ్చి అడగల్లంట."

"నేను వెళ్ళి తెలియజేస్తాను," అన్నాను.

ఆయన మా ఆవిడ వైపు చూశాడు. మా ఆవిడ ఆయన వైపు చూసింది. ఆడి పుట్టడానికి ఇంకా వారం కూడా లేదు.

ఆ సాయంత్రమే మా ముందు గదిలో నాకు శిక్షణ మొదలైంది. ఆయన తువ్వాలు తల మీదుగా కప్పుకుని, మా తాతగారి కుర్చీలో ఒరిగి కూర్చుని, తోటావిడ అయ్యాడు.

"ఎవురప్పా అది?"

మా తాతగారి పేరు చెప్పి, "వారి మనవణ్ణి," అన్నాను.

"అది తెలుసులే. ఏం కావాల?"

"మీ గట్టు మూలన ఒక కంబం నాటవలసి ఉన్నది. ఆ విషయం తమకు తెలియజేయడానికి వచ్చాను."

ఆయన తువ్వాలు తీసేశాడు. "బావా, ఇది కోర్టు తాకీదు మాదిరి ఉండాది. అడగండి. చోటియ్యమ్మా అనండి."

"ఆ మాట నాకు అలవాటు లేదు."

"మాటే కదా. అంటే ఆస్తి పోతాదా?"

"ఉన్న ఆస్తంతా ఆ మాట అనక పోయిందే," అని లోపలి నుంచి మా ఆవిడ అంది.

మళ్ళీ తువ్వాలు కప్పుకున్నాడు. ఈసారి దగ్గుతూ, నడుం పట్టుకుని, ఇంకా ముసలిగా అయ్యాడు. నేను, "చోటు ఇచ్చినట్లయితే బాగుండును," అన్నాను. ఎవరికి బాగుండును అన్నాడు. అందరికీ అన్నాను. అందరినీ పిల్చుకొని రా, వాళ్ళకే ఇస్తాను అన్నాడు. ఇంకొకసారి, "తమ ఔదార్యం" అని మొదలుపెట్టాను. ఔదార్యం మా తోటలో పండదు, బంగినపల్లి ఉండాది, నీలం ఉండాది, ఏది కావాల అన్నాడు. మా ఆవిడ వంటింట్లో నేల మీద కూర్చుని నవ్వుతోంది. అంత నవ్వు ఆ అద్దింట్లో నేను వినలేదు. చివరికి కుర్చీ కదిలే కాలు పక్కకు జారి, తోటావిడ నేల మీద పడింది. శిక్షణ అంతటితో ముగిసింది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరమూ తోటకు వెళ్ళాం. రేకుల కొట్టం కింద తోటావిడ కాయల కుప్ప ముందు కూర్చుని ఉంది. చుట్టూ ప్లాస్టిక్ ట్రేలు. కంటికి ఆపరేషన్ అయినట్టుంది, నల్ల అద్దాలు పెట్టుకుంది.

"రాండి దొరా," అంది. "కుర్చీ లేదు ఈడ. నిలబడే ఉంటారా?"

ఒక ట్రే బోర్లించి దాని మీద కూర్చున్నాను. నిటారుగానే కూర్చున్నాను.

"ఏం పని మీద వచ్చినారు?"

నేర్చుకున్నవేవీ గుర్తు రాలేదు. ఔదార్యం ఒక్కటే గుర్తొచ్చింది, అది వద్దన్నారు. నా వెనుక ఆయన దగ్గాడు. మళ్ళీ దగ్గాడు. తోటావిడ ఒక ఖాళీ ట్రే నా ముందుకు తోసింది.

"సరే, జ్ఞాపకం వచ్చేలోపల ఊరికే కూర్చోకుండా ఈ కాయలు ట్రేలో ఎంచి పెట్టు. నాకు కన్ను మసగ్గా ఉండాది, లెక్క తప్పిపోతా ఉండాది. లారీ వచ్చే టైమయ్యింది."

మా వంశంలో మామిడికాయలు ఎంచినవాడు లేడు. కానీ లేచి వెళ్ళడం కంటే అదే గౌరవమనిపించింది. ఒక్కొక్క కాయా తీసి పెట్టాను. కాయ చల్లగా ఉంది. "లాభం," అన్నాను. "రెండు." వెనుక ఆయన దగ్గడం మానేశాడు. "మూణు. నాలు. అంజు."

ఆ 'అంజు' నా నోట్లోంచి వచ్చేసింది. తల తిప్పి చూశాను. ఆయన ఒక మామిడిచెట్టుకు మొహం ఆనించి నిలబడి ఉన్నాడు.

నన్ను తిరువళ్ళూరులో తమిళ బడిలో వేశారు. ఎక్కాలు అక్కడే నేర్చుకున్నాను. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళం, తెలుగు చదివేవాళ్ళం, తెలుగులో దెబ్బలాడుకునేవాళ్ళం. ఎంచడానికి మాత్రం అప్పటికే ఇంట్లో ఏమీ మిగల్లేదు. అందుకని ఎంచడం బడిలోనే అబ్బింది. ఇదంతా ఆ కొట్టంలో వివరించే వీలు లేకపోయింది, ఎందుకంటే తోటావిడ నవ్వడం మొదలుపెట్టింది.

"ఆకాశం సొంతమున్న దొర మనవడు, అంజు అంటుండాడే," అంది. "ఒరే అల్లుడా, చెట్టు కాడ ఉండేటోడా, ఇంకొక తూరి చెప్పించరా."

"ఏం అత్తా, అంజంటే కాయ తక్కువ పడతాదా?" అన్నాడు ఆయన చెట్టులోంచే.

"నవ్వించొద్దండ్రా, కంట్లో నీళ్ళు పెట్టుకోకూడదని డాక్టరు చెప్పినాడు." అద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. తర్వాత నా వైపు తిరిగింది. "మీ తాత వద్దన్నాక మా నాయన లైను చుట్టూ తిరిగి వచ్చేదాకా రెండేండ్లు బావి నీళ్ళకు కపిల తోలినాడు. ఎద్దులు అలిసిపోతే నేను కూడా మోకు పట్టుకొని లాగినాను. ఇప్పుడు చెప్పు, ఏం కావాల?"

చేతిలో మామిడికాయ ఉంది. ఆ కాయ పట్టుకుని నిటారుగా ఉండడం ఎట్లాగో నాకు తెలియలేదు.

"ఒక కంబానికి చోటియ్యమ్మా," అన్నాను.

ఆమె కుప్పలోంచి ఇంకొక కాయ తీసి నొక్కి చూసి పక్కన పెట్టింది.

"నాటుకో. తీగ నా కొమ్మలకు తగలగూడదు. ఇంకొకటి. మా కొత్త బోరుకు లైను మీ మూల మీంద పోతే నాకు చుట్టు తిప్పుకోవల్సిన పని లేదు. ఆ ఆకాశం నాకిస్తావా?"

"ఇచ్చాను," అన్నాను. మా వంశంలో గోదానం చేశారు, భూదానం చేశారు, అన్నదానం చేశారు. ఆకాశదానం చేసినవాణ్ణి నేనొక్కణ్ణే.

తిరిగి వచ్చేటప్పుడు గట్టు మీద ఆయన అన్నాడు, "మీరు మనోళ్ళు కాదని ముందే తెలిసుంటే నేను ఈ పని ఎత్తుకొనే ఉండను బావా." ఆ మాట ఆ తర్వాత తిరుత్తణి బస్టాండులో, కరెంటు ఆఫీసులో, టీ కొట్టులో, నా ఎదుటే ఎంతమందితో అన్నాడో చెప్పలేను. పొదటూరుపేట పక్క గుమాస్తా నన్ను చూసినప్పుడల్లా ఐదు వేళ్ళు చూపించేవాడు.

ఆడి పుట్టడానికి ముందు రోజు కంబం లేచింది. బోరు పక్కన నాటిన కట్టెకు ఒక మీటరు పెట్టె, ఒక హోల్డరు, ఒక బల్బు. స్విచ్చి వెయ్యమంటే ఆయన మామిడితోట దాకా వెనక్కు పోయి, "అక్కను వెయ్యమనండి," అని కేక వేశాడు. మా ఆవిడ వేసింది. పట్టపగలు ఆ బల్బు వెలిగిందో లేదో తెలియక అందరం దాని కిందికి వెళ్ళి తలలెత్తి చూశాం. మోటారు కాసేపు మూలిగి, ఎర్రటి నీళ్ళు కక్కి, తర్వాత తెల్లటి నీళ్ళు పోసింది. మేస్త్రీ షోళింగర్ ఊసెత్తకుండా సిమెంటు కలిపాడు. సాయంత్రానికి పునాది రాయి పడింది. ఆడి కృత్తికకు కావళ్ళు ఎత్తుకుని కొండకు పోయేవాళ్ళు మా బల్బు కింద ఆగి, మా బోరు నీళ్ళు తాగి పోయారు. తై నెలలో అద్దిల్లు ఖాళీ చేశాం. తాతగారి కుర్చీకి కొత్త కాలు వేయించాను. ఆయన వచ్చినప్పుడల్లా అలవాటు కొద్దీ ఒక పక్కకే ఒరిగి కూర్చునేవాడు.

పోయిన మాసి నెలలో, శివరాత్రి రోజుల్లో, ఆయన పోయాడని కబురు వచ్చింది. పళ్ళిపట్టులో బస్సు దిగి, అత్తిమంజేరిపేట దారిలో ఆటో పట్టుకుని వెళ్ళాను. చిన్న వీధి. ఇంటి ముందు ఐసు పెట్టెలో ఆయన ఉన్నాడు. పెట్టె చప్పుడు చెయ్యడం లేదు. వీధిలో ఒక ఫేజు పోయిందట, ఈ వరస ఇళ్ళకు కరెంటు లేదు. లైనుమన్‌కు ఫోన్ చేశారు, వస్తున్నానన్నాడు. ఎండ ఎక్కుతోంది. ఆయన భార్య విసనకర్రతో పెట్టె అద్దం మీద విసురుతూ ఉంది. ఎదురు వరసలో మాత్రం ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఒక వైరు లాగితే చాలు. వచ్చినవాళ్ళలో సగం మందికి ఆయనే కరెంటు ఇప్పించాడు. అందరూ ఎదురింటి వైపు చూస్తున్నారు, ఒకరి మొహం ఒకరు చూస్తున్నారు, ఎవరూ కదలడం లేదు. ఇట్లాంటి పనికి ఎప్పుడూ వెళ్ళేవాడు పెట్టెలో ఉన్నాడు.

"ఆ ఇంటాయనకూ ఈయనకూ చానా ఏండ్లుగా మాటల్లేవు," అని పక్కనున్న మనిషి నా చెవిలో అన్నాడు. ఆయనకు మాటల్లేని ఇల్లు ఈ భూమి మీద ఒకటి ఉందని నాకు అప్పుడే తెలిసింది. ఎందుకని అడగలేదు.

వీధి దాటాను. ఎదురింటాయనది పందిళ్ళ సామాను అద్దెకిచ్చే కొట్టు. మాటల్లేకపోయినా చావింటికి కుర్చీలు ఆ కొట్టు నుంచే పోవాలి. పలచగా, నెరిసిన మీసంతో, గడప దగ్గర నిలబడి ప్లాస్టిక్ కుర్చీలు ఒక్కొక్కటే విడదీసి ఎంచుతున్నాడు. తెలుగువాడో తమిళుడో తెలియదు. చావింటి కుర్చీలు కదా, మొదటిదానికి లాభం అనలేదు. ఒకటీ అనలేదు. మింగేశాడు.

"రెండు," అన్నాడు.

ఐదు దాకా ఓపిక పట్టలేదు. "ఒక వైరు ఇయ్యి బావా," అన్నాను.

ఆయన నా వైపు చూశాడు, నా వెనుక పెట్టె వైపు చూశాడు. చేతిలో కుర్చీ కింద పెట్టి వైరు కోసం లోపలికి పోయాడు. మిగిలిన కుర్చీలు నేను ఎంచాను, మూణు నుంచి.